నాలుకకు చదువు

గోదావరిఖని క్వార్టర్లలో పుట్టిన పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో, డబ్లిన్‌లో, మ్యూనిక్‌లో కొలువులు చేస్తున్నారు. ఆఫీసు వాళ్లతో కలిసి భోజనానికి వెళ్లిన రోజు వాళ్లలో చాలామందికి ఒకచోట గొంతు ఆగుతుంది. వైన్ల జాబితా చేతికి వస్తుంది. పక్కవాళ్లు ఏది చెబితే నాకూ అదే అనేస్తారు. తాగాక ఎలా ఉందని అడిగితే బాగుందంటారు. తమకు ఏమనిపించిందో చెబితే తప్పవుతుందేమోనని జంకు. బాయిపని చేసిన నాన్న కొడుకుకు, కూతురికి ఇలాంటివి తెలియవన్న భావన చిన్నప్పటి నుంచీ లోపల కూర్చుని ఉంటుంది.

ఆ భావనను తీసేయడం ఈ అధ్యాయం పని. ఊళ్లోనే ఉండి, మొదటి షిఫ్టు దిగి సాయంత్రం కల్లు మండువ దాకా వెళ్లొచ్చే అన్నలకూ ఇది పనికొస్తుంది. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. స్పెయిన్ దేశపు డ్రై వైట్ వైన్‌ను గుర్తుపట్టడానికి కావాల్సిన పాఠాల్లో సగానికి పైగా మన తాటి లొట్టిలోనూ, మన వంటింటి పులుసు గిన్నెలోనూ ఉన్నాయి. వాటిని చదువుకోలేదు, అంతే.

ముందుగా ఒక మాట. తాగని వాళ్లెవరూ ఈ అధ్యాయం చదివి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇందులో అభ్యాసాలు చాలావరకు నిమ్మనీళ్లతో, చారుతో, నీరాతో చేయొచ్చు. 21 ఏళ్లు నిండని వాళ్లకు తెలంగాణలో మద్యం అమ్మడం చట్టరీత్యా నేరం. షిఫ్టుకు ముందు, బండి నడపాల్సిన రోజు చుక్క కూడా వద్దు. సారా, గుడుంబా ఎన్ని ఇళ్లను ఆర్పేశాయో బొగ్గుబెల్టు ఆడవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రుచి నేర్చుకునేవాడికి ఎక్కువ తాగాల్సిన అవసరమే ఉండదు. రెండో గ్లాసు తర్వాత నాలుక మొద్దుబారుతుంది, ఇక ఆ పూటకు చదువు ముగిసినట్టే.

అసలు డ్రై అంటే ఏమిటి? తాటిచెట్టు పైనుంచి లొట్టిలోకి దిగే నీరు దిగేటప్పుడు పాలలా తెల్లగా ఉండదు, మత్తు ఉండదు. అది చక్కెర నీరు. లీటరుకు వంద గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది. లొట్టిలోనూ గాలిలోనూ ఉన్న ఈస్టు ఆ చక్కెరను పట్టుకుంటుంది, తింటుంది, ఆల్కహాల్‌గానూ నురగ లేపే వాయువుగానూ మారుస్తుంది. చెట్టు మీద ఉండగానే ఈ పని మొదలవుతుంది. అందుకే పొద్దుగాల దింపిన కల్లు తియ్యగా, మధ్యాహ్నానికి తీపి తగ్గి నురగతో, మాపటికి పుల్లగా ఉంటుంది. తెల్లారేసరికి సిర్కా దారి పట్టి ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈస్టు పని ఆగుతుంది. దాన్నే నీరా అంటారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్‌లో చల్లగా ఇచ్చేది ఆ తీపి నీళ్లనే.

ద్రాక్షరసం కూడా ఇదే దారిలో నడుస్తుంది. కాకపోతే వైన్ చేసేవాళ్లు దాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయిస్తారు. ఈస్టు చక్కెరనంతా దాదాపు తినేసేదాకా ఆగితే వచ్చేది డ్రై వైన్. యూరప్ నిబంధనల ప్రకారం మామూలు వైన్‌ను డ్రై అని రాయాలంటే లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర ఉండకూడదు. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. నాలుగు గ్రాములంటే ఒక చిన్న చెంచాడు. లీటరు మొత్తంలో అంతే. పొద్దటి కల్లుకూ దానికీ ఎంత దూరం ఉందో చూడండి.

ఇక్కడ కల్లు మనల్ని ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. కల్లులో తీపి పోవడం, పులుపు రావడం ఒకేసారి జరుగుతాయి. దాంతో డ్రై అంటే పుల్లనిది అని మనసులో పడిపోతుంది. రెండూ వేరు. వైన్‌లో పులుపు పులిసినందువల్ల వచ్చేది కాదు, ద్రాక్షపండులోనే ఉంటుంది. చక్కెర పోయినా అది మిగులుతుంది. పులుపు తక్కువగా ఉన్న డ్రై వైన్లు ఉన్నాయి. పులుపు బాగా ఉండి, దాంతోపాటు తీపీ ఉన్న వైన్లు కూడా ఉన్నాయి. ఈ రెంటినీ విడదీసి పట్టుకోగలిగిన రోజున మీరు సగం దారి దాటినట్టే. అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

ఇంట్లో మూడు గ్లాసులు తీసుకోండి. మూడింట్లోనూ సమానంగా నీళ్లు పోయండి. మొదటిదానిలో అరచెక్క నిమ్మరసం. రెండోదానిలో అరచెక్క నిమ్మరసం, రెండు చెంచాల చక్కెర. మూడోదానిలో నిండు నిమ్మకాయ రసం, అవే రెండు చెంచాల చక్కెర. ఇంట్లో ఎవరినైనా గ్లాసులు కలిపేసి ఇవ్వమనండి. ఏది ఏదో చెప్పాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య చాలామంది తడబడతారు, ఎందుకంటే రెండింట్లోనూ తీపి సమానం, పులుపు తేడా. తీపిని పులుపు కప్పేస్తుంది, పులుపును తీపి కప్పేస్తుంది. గుక్క మింగిన తర్వాత బుగ్గల లోపల నీరూరుతోందా అని చూసుకోండి. నీరూరితే పులుపు ఉంది. మింగిన తర్వాత పెదాల మీద బంక మిగిలిందా అని చూసుకోండి. మిగిలితే తీపి ఉంది. ఈ రెండు గుర్తులూ మీతో వైన్ గ్లాసు దాకా వస్తాయి.

ఇంకో చిక్కు ఉంది, దీని దగ్గర చదువుకున్నవాళ్లు కూడా పడిపోతారు. కొన్ని డ్రై వైట్లు ముక్కుకు తియ్యగా తగులుతాయి. పండిన సీతాఫలం, మామిడి, నారింజ తొక్క వాసనలు వస్తాయి. వాసన పండుది కాబట్టి నోటికి కూడా తియ్యగానే ఉందనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి సులువైన పని ఒకటుంది. ముక్కు రెండు వేళ్లతో మూసి గుక్క తీసుకోండి. అప్పటికీ తీపి తెలుస్తోందంటే అది చక్కెర. ముక్కు మూయగానే తీపి మాయమైతే అది వాసన మాత్రమే, వైన్ డ్రై. నలుగురిలో ముక్కు మూసుకోవడానికి మొహమాటపడకండి. తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లను చూసి నవ్వేవాళ్లతో భోజనం చేయాల్సిన అగత్యం లేదు.

పులుపులోనూ రకాలున్నాయని తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? చింతపండు పులుపు వేరు, పెరుగు పులుపు వేరు, సిర్కా పులుపు వేరు. రసాయనశాస్త్రం ఇక్కడ మన వంటింటికి సాయం వస్తుంది. చింతపండుకు పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షకు ప్రధానంగా పులుపునిచ్చేది కూడా అదే ఆమ్లం. అంటే రోజూ చారు తాగే నాలుకకు వైన్ పులుపు పరాయిది కాదు. పెరుగుకు పులుపునిచ్చేది లాక్టిక్ ఆమ్లం. వైన్‌లోని పచ్చి ఆపిల్‌లాంటి కోసుకుపోయే పులుపును బ్యాక్టీరియా ఈ మెత్తని పులుపుగా మారుస్తుంది. కొందరు వైన్ తయారీదారులు ఈ మార్పును కావాలని జరగనిస్తారు. మధ్యాహ్నపు కల్లులో ఉండే మెత్తని పులుపులో కూడా ఇదే ఆమ్లం పాలు ఉంది. సిర్కా పులుపు అసిటిక్ ఆమ్లానిది. గొంతును గీరుతుంది, ముక్కుకు ఘాటుగా తగులుతుంది. మాపటి కల్లులో అది వస్తే కల్లు పోయినట్టు, వైన్‌లో వస్తే వైన్ పోయినట్టు. ఆ సీసా వెనక్కి పంపొచ్చు. హోటల్లో అలా పంపడం మీ హక్కు.

ఇంట్లో పులుసు పొయ్యి మీద ఉండగా వాసన చూసి చింతపండు ఎక్కువైందో తక్కువైందో చెప్పే అమ్మనో, అత్తనో పక్కన కూర్చోబెట్టుకుని ఈ అభ్యాసం చేయండి. ఆమె నోట వచ్చే మాటలు రాసుకోండి. మీ పదకోశం అక్కడే మొదలవుతుంది. బాయి లోపల మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు తట్టి, వచ్చిన శబ్దాన్ని బట్టి గట్టి కప్పు ఏదో డొల్ల ఏదో చెబుతాడు. కొత్తగా చేరినవాడికి రెండు శబ్దాలూ ఒక్కలాగే వినిపిస్తాయి. సర్దార్ చెవి వేరేది కాదు, విన్నదాన్ని పోల్చుకుంటూ, పేరు పెట్టుకుంటూ పోయిన చెవి. నాలుకకూ అదే శిక్షణ కావాలి: పోల్చుకోవడం, పేరు పెట్టుకోవడం.

ఇక కల్లుతో చేసే అభ్యాసం. పెద్దపల్లి, మంథని, సుల్తానాబాద్ వైపు ఊళ్లలో ఇంకా తాళ్లు, ఈదులు గీసే గౌడన్నలు ఉన్నారు. ఓపెన్‌కాస్టులు విస్తరించిన చోట వనాలు పోయాయి, వాటిమీద బతికినవాళ్లు వేరే పనులకు మళ్లారు. మిగిలినవాళ్లలో ఒకరిని పరిచయం చేసుకోండి. సెలవు రోజు పొద్దుగాలే వెళ్లి, చెట్టు దిగిన లొట్టి నుంచి అక్కడికక్కడ రేకలో కొద్దిగా రుచి చూడండి. మిగతాది శుభ్రమైన గాజు సీసాలో మూత వదులుగా పెట్టి ఇంటికి తెచ్చుకోండి. మూత బిగిస్తే వాయువు నిండి సీసా పగలొచ్చు. మధ్యాహ్నం రెండు గుక్కలు, సాయంత్రం రెండు గుక్కలు. ప్రతిసారీ తీపి ఎంత, పులుపు ఎంత, ఆ పులుపు పెరుగుదా సిర్కాదా, నోట్లో చిక్కగా ఉందా పలచగా ఉందా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, ఇవి మీ మాటల్లో రాసుకోండి. ఒకే రోజులో చక్కెర ఎలా కరిగిపోతుందో నాలుక మీద చూపించే ఇలాంటి పాఠం వైన్ దేశాల్లో పుట్టినవాళ్లకు కూడా అంత తేలిగ్గా దొరకదు.

అడగడం కూడా నేర్చుకోవాలి. తాడా ఈతనా? తాడైతే పోతుతాడా పండుతాడా? ఎన్ని గంటలకు దింపావు అన్నా? కొత్త లొట్టా, పాత లొట్టా? గీతపనివాళ్లకు ఈ ప్రశ్నలు ఇష్టం. తమ చేతి పని తేడా తెలుసుకునేవాడు వచ్చాడని సంతోషిస్తారు. ఈతకల్లు పలచగా, తేలికగా ఉంటుంది. చలికాలంలో దాని బాగు వేరు. తాటికల్లు చిక్కన, చలి వెనకబట్టి ఎండలు ముదిరేదాకా దాని కాలం. చెట్టు, కాలం, గంట, చెయ్యి: ఈ నాలుగూ అడిగే అలవాటు పడితే రేపు వైన్ సీసా పట్టుకున్నప్పుడు కూడా ఏ ద్రాక్ష, ఏ సంవత్సరం, ఏ ప్రాంతం, ఎవరు చేశారు అని మీకు తెలియకుండానే అడుగుతారు. గీతపనివాళ్ల కోసం ప్రభుత్వం 2024 జూలైలో మొదలుపెట్టిన కాటమయ్య రక్షా కవచం కిట్టు మీ గౌడన్నకు అందిందో లేదో కూడా అడగండి. చెట్టుమీంచి పడి నడుము విరిగినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. మనం రుచి చూసే గుక్క వెనక ఆ ప్రమాదం ఉంది.

కల్తీ సంగతి చెప్పకుండా కల్లు గురించి రాయకూడదు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్మడం తెలంగాణలో ఏళ్లుగా సాగుతోంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. శిక్షణ పొందిన నాలుక కొంతవరకే ఇక్కడ సాయపడుతుంది. తీపి కోసం శాకరిన్ వేస్తే మింగిన తర్వాత నాలుక వెనక చేదు, లోహపు రుచి చాలాసేపు ఉంటుంది. అసలు కల్లు గంటగంటకూ మారుతుంది, మత్తుమందు పొడి కలిపి చేసిన కల్లు పొద్దున ఎలా ఉందో మాపటికీ ఇంచుమించు అలాగే ఉంటుంది. కానీ ఆల్ప్రాజోలంను నాలుక పట్టలేదు. ఏ నిపుణుడి నాలుకా పట్టలేదు. అక్కడ పనికొచ్చేది లెక్క. చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. చుట్టుపక్కల వనమే లేనిచోట, వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా, ఎంతమంది వచ్చినా అయిపోని కల్లు ఎక్కడి నుంచి వస్తోందని ఆలోచించండి. కొద్దిగా తాగితేనే నిద్ర ముంచుకొస్తే అక్కడితో ఆపేయండి. ఇంట్లో ఎవరైనా అలాంటి కల్లుకు ఏళ్లుగా అలవాటుపడి ఉంటే ఒక్కరోజులో మాన్పించే ప్రయత్నం చేయొద్దు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు ప్రవర్తించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి.

ఇప్పుడు స్పెయిన్ వెళ్దాం. మన బెల్టు నుంచి బయలుదేరేవాడికి ఆ దేశంలో నేను మొదట చూపించే చోటు బార్సిలోనా కాదు, బియెర్సో. దేశానికి వాయవ్యంలో, లియోన్ ప్రావిన్సు కొండల మధ్య ఉంది. దాని పట్టణం పోన్‌ఫెర్రాదా బొగ్గు మీద పెరిగిన ఊరు. ఆ పక్కనే కంపోస్తీయా థర్మల్ కేంద్రం దశాబ్దాలపాటు ఆ బొగ్గును మండించింది. 2020లో అది మూతపడింది, 2022లో దాని కూలింగ్ టవర్లను కూల్చేశారు. సింగరేణి గనులు, పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ గొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ దృశ్యం ఏమిటో వివరించనక్కర్లేదు. ఆ బొగ్గు కొండల వాలుల్లోనే చిన్న చిన్న కమతాల్లో ద్రాక్షతోటలున్నాయి. ఎర్ర వైన్‌కు మెన్సియా, తెల్ల వైన్‌కు గొదేయో. బొగ్గు పోయినా తోటలు ఉన్నాయి, వాటి మీద బతుకుతున్నవాళ్లు ఉన్నారు.

గొదేయో ద్రాక్ష కథ కూడా తెలుసుకోదగ్గది. బియెర్సోను ఆనుకుని, అదే సీల్ నది దిగువన ఉన్న వాల్దెయోర్రాస్‌లో 1970ల నాటికి ఇది దాదాపు కనుమరుగైంది. అక్కడివాళ్లు పట్టుబట్టి మొక్కలు వెతికి, మళ్లీ నాటారు. ఇవాళ స్పెయిన్‌లోని మంచి డ్రై వైట్లలో ఇది ఒకటి. పులుపు ఉంటుంది కానీ కోయదు. నోట్లో కొంచెం నిండుగా, చిక్కగా నిలుస్తుంది. డ్రై అంటే పులుపే అనుకునే అపోహను వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి గ్లాసు నాకు తెలియదు. అందుకే మొదటి సీసాగా దీన్నే సూచిస్తాను.

అక్కడి నుంచి ఇంకా పడమరకు, అట్లాంటిక్ ఒడ్డున గలీసియాకు వెళ్తే రియాస్ బైషాస్ ప్రాంతం వస్తుంది. అక్కడి ద్రాక్ష అల్బారీన్యో. వానలు ఎక్కువ, నేల తేమ, అందుకే తీగలను రాతి స్తంభాల మీద ఎత్తైన పందిళ్లకు పాకిస్తారు. మన బీర పందిరి కింద నిలబడ్డట్టే కింద మనిషి నిలబడొచ్చు. ఈ వైన్ పదునైనది, బుగ్గల్లో నీరూరిస్తుంది, వెనక ఉప్పగాలి తగిలినట్టు ఉంటుంది. ముక్కుకు పండ్ల వాసన గట్టిగా కొడుతుంది కాబట్టి ముక్కు మూసి చూసే పరీక్షకు ఇదే సరైన సీసా.

రుయేదా ప్రాంతంలో వెర్దేహో ద్రాక్ష పండుతుంది. సీసా మీద ఆ పేరులో ఆంగ్ల అక్షరం జె కనిపిస్తుంది, చదివేది హ. సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి అది. పగలు ఎండ, రాత్రి చలి. చాలామంది అక్కడ రాత్రిపూట, దీపాల వెలుగులో ద్రాక్ష కోస్తారు. పగటి వేడికి కోస్తే రసం దారిలోనే పులవడం మొదలవుతుంది, వాసనలు ఎగిరిపోతాయి. గౌడన్న చీకటితో లేచి చెట్టెక్కడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. వెర్దేహోలో పచ్చి ఆకుల వాసన, చివర చిన్న చేదు ఉంటాయి. మెంతికూర, కాకరకాయ తినే నాలుకలు ఆ చేదును తప్పుగా అనుకోవు. అది ఉండాల్సిందే.

దక్షిణాన హెరెస్, సాన్‌లూకర్ ఊళ్ల ఫీనో, మన్సానియాలు వేరే లోకం. పీపాలో వైన్ మీద ఈస్టు తెల్లని పొరలా తేలుతూ ఏళ్లపాటు దాన్ని కాపాడుతుంది, మిగిలిన చక్కెరను కూడా తినేస్తుంది. స్పెయిన్‌లో ఇంతకంటే డ్రైగా ఉండేది అరుదు. 15 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసే పోసుకోవాలి. వేయించిన బాదంపప్పుతో తాగుతారు. మొదటిసారికి చాలామందికి నచ్చదు. ఇంకో రెండుమూడు సందర్భాల్లో చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

అదే ఉత్తరాన అస్తూరియాస్ ఉంది, స్పెయిన్ బొగ్గు చరిత్రకు గుండెకాయ. ప్రభుత్వ బొగ్గు సంస్థ హునోసా 1967లో అక్కడే పుట్టింది. అక్కడి గని కార్మికుల పానీయం వైన్ కాదు, ఆపిల్ సైడర్. సీసాను తలపైకెత్తి, నడుము దగ్గర పట్టుకున్న గ్లాసులోకి ధారగా వంపి, నురగ చావకముందే ఒక్క గుక్కలో తాగుతారు. డ్రైగా, పుల్లగా ఉంటుంది. ఆ సంస్కృతిని 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన గీతపనికి అలాంటి గౌరవం ఎందుకు రాకూడదని నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

సీసా కొనేటప్పుడు చూడాల్సినవి చాలా లేవు. ఎస్, ఇ, సి, ఓ అక్షరాలతో సెకో అని ఉంటే డ్రై. దాని ముందు సెమి అని ఉంటే సగం తీపి. దుల్సే అంటే తీపి. ఏమీ రాయకపోయినా 12 నుంచి 13.5 శాతం ఆల్కహాల్ ఉంటే ఎక్కువగా డ్రైయే అవుతుంది, ఎందుకంటే చక్కెర ఆల్కహాల్‌గా మారిపోయింది. 10 శాతం కంటే తక్కువుంటే చక్కెర మిగిలి ఉండొచ్చని అనుమానించండి. అల్బారీన్యో, వెర్దేహోల మీద సంవత్సరం ఎంత దగ్గరిదైతే అంత మంచిది. పాతబడితే వాటి చురుకు పోతుంది. రియోహాలో వియూరా ద్రాక్షతో చేసి పీపాల్లో ఏళ్లు ఉంచే వైట్లు ఇందుకు మినహాయింపు, కానీ అవి తొలి అడుగుకు తగినవి కావు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. నురగ వచ్చే కావా సీసా మీద సెకో అని ఉంటే అది డ్రై కాదు, లీటరుకు 17 నుంచి 32 గ్రాముల చక్కెర ఉంటుంది. అక్కడ డ్రై కావాలంటే బ్రూట్ నేచర్ అని ఉన్నది తీసుకోండి, 3 గ్రాముల లోపే ఉంటుంది. బ్రూట్ అని మాత్రమే ఉంటే 12 గ్రాముల దాకా ఉండొచ్చు. నురగ, పులుపు కలిసి ఆ తీపిని కప్పేస్తాయి. నిమ్మనీళ్ల మూడో గ్లాసు గుర్తుచేసుకోండి.

గోదావరిఖని, పెద్దపల్లి దుకాణాల్లో స్పెయిన్ వైట్ వైన్ దొరకడం కష్టం. దిగుమతి వైన్ మీద చాలాకాలం 150 శాతం సుంకం ఉండటంతో హైదరాబాద్ పెద్ద దుకాణాల్లో కూడా ధర ఎక్కువే. విదేశాల నుంచి వచ్చేవాళ్లు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. దసరాకు వచ్చే తమ్ముడికి ఏమైనా తెమ్మని చెప్పాలనుకుంటే ఒక గొదేయో, ఒక అల్బారీన్యో తెమ్మనండి. విస్కీ సీసా బదులు ఇవి వస్తే నలుగురు కూర్చుని తలా అర గ్లాసుతో రెండు పూటలు పోల్చుకోవచ్చు. ఒక్క వైన్ తాగితే ఏమీ తెలియదు. రెండు పక్కపక్కన పెట్టినప్పుడే తేడా మాట్లాడుతుంది.

రామగుండం ఎండకు బయట పెట్టిన సీసా నిమిషాల్లో వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచి, తీశాక పది నిమిషాలు ఆగి పోయండి. మరీ గడ్డకట్టే చలి మీద వాసన చచ్చిపోతుంది. గ్లాసు మూడో వంతుకు మించి నింపొద్దు, వాసనకు చోటు కావాలి. అల్బారీన్యోకు కొర్రమీను వేపుడు, నిమ్మరసం పిండి. గొదేయోకు కారం తగ్గించి వండిన నాటుకోడి. వెర్దేహోకు పుదీనా, కొత్తిమీర వేసినవి, సర్వపిండి కూడా. కారం గట్టిగా ఉన్న కూరతో ఆల్కహాల్ మంట పెరుగుతుంది కాబట్టి ఆ పూట శాతం తక్కువున్న సీసా తీయండి, లేదా వైన్ ముందు తాగి కూర తర్వాత తినండి. మిగిలిన వైన్‌కు బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. రెండో రోజు మళ్లీ కొద్దిగా రుచి చూసి, మొదటి రోజు రాసుకున్నదాని పక్కన ఏం మారిందో రాయండి.